గీతలు మారిన అడవి: పాపికొండలు, కిన్నెరసాని

వరరామచంద్రపురం మండలంలో గోదావరి ఒడ్డున ఉన్న ఏదో ఒక పల్లెను తీసుకుందాం. 1950లో అక్కడ పుట్టిన మనిషిది తూర్పు గోదావరి జిల్లా. 1959లో ఆ ఊరు ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో తిరిగి తూర్పు గోదావరికి వెళ్లింది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చింది. ఆ మనిషి ఊరు దాటలేదు, ఇల్లు మారలేదు. దరఖాస్తు మీద జిల్లా పేరు మాత్రం పలుమార్లు మార్చి రాసుకున్నాడు. ఆయన ముత్తాత కాలం నుంచి లెక్క తీస్తే జాబితా ఇంకా పెరుగుతుంది. మొదట నిజాం రాజ్యం, తర్వాత సెంట్రల్ ప్రావిన్సులు, ఆ తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ.

మనతో చదువుకున్న వాళ్లలో చాలామంది ఇలాంటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే. మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం రాయమన్నప్పుడు ఈ ఊళ్ల చుట్టూ ఉన్న అడవి గురించే రాయాలనిపించింది. ఆ అడవి చరిత్ర చాలావరకు పటాల మీద గీసిన గీతల చరిత్ర. ఒక్కో గీత వెనుక ఒక్కో అవసరం ఉంది. పడవలు, కలప, బొగ్గు, కరెంటు, వన్యప్రాణులు, సాగునీరు. నేను నీళ్ల లెక్కలు చూసే ఇంజనీరును. పటం మీద గీత గీయడం నా వృత్తిలో రోజువారీ పని. ఆ గీత కింద ఎవరున్నారు, ఏముంది అన్నది తెలుసుకోవడం కూడా అందులో భాగమేనని నా నమ్మకం.

ఇంకో మాట. కిన్నెరసాని అభయారణ్యం 1977లో, పాపికొండల అభయారణ్యం 1978లో ఏర్పడ్డాయి. అంటే ఆ రెండింటి వయసూ, మన సంఘం వయసూ దాదాపు ఒక్కటే. స్వర్ణోత్సవం మనకే కాదు, వాటికి కూడా.

అడవి ఎక్కడి నుంచి ఎక్కడికి

ఖమ్మం నుంచి భద్రాచలం బస్సెక్కే మనవాళ్లకు ఈ దారి కొత్తగా చెప్పనక్కర్లేదు. కొత్తగూడెంలో ఉన్న రైలు స్టేషనుకు "భద్రాచలం రోడ్" అని పేరు. అది నమ్మి దిగిన యాత్రికుడికి భద్రాచలం ఇంకా నలభై కిలోమీటర్ల దూరం ఉంటుంది. పాల్వంచ దగ్గర ఎడమ చేతి వైపు లోపలికి వెళితే కిన్నెరసాని అడవి. అక్కడి నుంచి వాగు తూర్పుగా సాగి బూర్గంపహాడ్ దగ్గర గోదావరిలో కలుస్తుంది. 1965లో కట్టిన వంతెన దాటితే భద్రాచలం. ఇంకా కిందికి పోతే కూనవరం దగ్గర శబరి వచ్చి చేరుతుంది. అప్పటిదాకా విశాలంగా పారిన గోదావరి ఆ తర్వాత తూర్పు కనుమలను కోసుకుంటూ ఇరుకు దారిన పడుతుంది. అవే పాపికొండలు.

ఈ ఇరుకుకూ మన ఊళ్ల వరదలకూ నేరుగా సంబంధం ఉంది. పైనుంచి ప్రాణహిత, ఇంద్రావతి, పక్క నుంచి శబరి తెచ్చిన నీళ్లన్నీ ఆ సందులోంచే దిగాలి. దిగలేనప్పుడు నీరు వెనక్కి ఎగదన్నుతుంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో మట్టం 75.6 అడుగులకు చేరింది. ఇప్పటికీ అదే రికార్డు. 2022 జులైలో 71 అడుగులు దాటింది. ఆ వరదను చూసిన చిన్న తరగతుల పిల్లలకు 1986 అంటే ఏమిటో ఇప్పుడు మనం వేరే వివరించనక్కర్లేదు.

ఇక్కడి అడవి ఆకు రాల్చే అడవి. టేకు, నల్లమద్ది, ఏగిస, ఇప్ప, తునికి, తాండ్ర, కరక, తపసి చెట్లు ఉంటాయి. పాపికొండల లోయల్లో తేమ ఎక్కువ కాబట్టి అక్కడ పచ్చదనం మరికొన్ని నెలలు నిలుస్తుంది, జీలుగు చెట్లు బాగా పెరుగుతాయి. ఇక వెదురు ఎక్కడ చూసినా ఉంటుంది. ఈ వెదురు కథలోకి చాలాసార్లు వస్తుంది, గుర్తుంచుకోండి.

పడవల కోసం గీసిన గీత

మొదటి పెద్ద గీత 1860 నాటిది. అప్పటిదాకా గోదావరికి రెండు వైపులా నిజాం రాజ్యమే. భద్రాచలం ప్రాంతం పాల్వంచ సంస్థానం చేతిలో ఉండేది. 17వ శతాబ్దంలో కంచర్ల గోపన్న, అంటే మన రామదాసు, తహశీల్దారుగా పనిచేసిందీ ఈ పాల్వంచ పరగణాలోనే. 1860 ఒప్పందంతో గోదావరి ఎడమ ఒడ్డును నిజాం బ్రిటిష్ వారికి వదులుకున్నాడు. నది సరిహద్దయింది. కుడి ఒడ్డున బూర్గంపహాడ్ నిజాం కింద, ఎదురుగా ఎడమ ఒడ్డున భద్రాచలం బ్రిటిష్ వారి కింద.

ఆ ఒడ్డు వారికి ఎందుకు కావలసి వచ్చిందన్నది ఇంజనీర్లకు ఆసక్తికరమైన విషయం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన సర్ ఆర్థర్ కాటన్‌కు గోదావరిని నౌకామార్గంగా చేయాలని ఒక పెద్ద ఆలోచన ఉండేది. బేరారు, నాగపూరు ప్రాంతాల పత్తిని పడవల మీద నది వెంట సముద్రం దాకా తేవాలన్నది పథకం. దానికి మూడు చోట్ల రాతి గుట్టలు అడ్డం. మొదటి అడ్డంకి మన దుమ్ముగూడెం, రెండోది ఇచ్చంపల్లి, మూడోది ఇంకా పైన దేవలమర్రి. దుమ్ముగూడెంలో కెప్టెన్ హేగ్ ఆధ్వర్యంలో ఆనకట్ట, లాకు, కాలువ కట్టారు. పనివాళ్లు జ్వరాలతో మంచం పట్టేవారు, ఏటా పని చేయగలిగిన నెలలు కొద్దివే, ఖర్చు మాత్రం పెరుగుతూ పోయింది. ఈలోగా నాగపూరుకు రైలు వచ్చేసింది. 1871లో పనులు ఆపేశారు.

పడవల దారి రాలేదు కానీ, దానికోసం గీసిన గీత మాత్రం ఉండిపోయింది. దుమ్ముగూడెం ఆనకట్ట కూడా ఉండిపోయింది. ఇప్పుడు సీతారామ ఎత్తిపోతల పథకానికి నీళ్లు తీసేదీ ఆ పరిసరాల్లోనే. నూట అరవై ఏళ్ల కిందటి రాతికట్టు పక్కన నేటి పంపుహౌసు పనులు చూసినప్పుడు, నదిని ఎక్కడ పట్టుకోవాలన్న విషయంలో ఆ కాలపు ఇంజనీర్ల కన్ను తప్పలేదని ఒప్పుకోవాల్సిందే.

పోడు మీద పన్ను

ఎడమ ఒడ్డు మొదట సెంట్రల్ ప్రావిన్సుల్లోని అప్పర్ గోదావరి జిల్లాలో ఉండేది, దాని కేంద్రం సిరొంచ. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను అక్కడి నుంచి తీసి మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిపారు. ఆఫీసు కాగితాల మీద ఇది చిన్న మార్పు. రేకపల్లి కొండల్లో మాత్రం దాని బరువు వేరు.

కొండరెడ్ల వ్యవసాయం పోడు. కొండవాలున ఒక చెక్క కొట్టి, ఎండబెట్టి, కాల్చి, ఆ బూడిదలో కర్రతో గుంటలు పొడిచి జొన్న, సామ, కొర్ర, కంది కలిపి విత్తుతారు. రెండు మూడేళ్లకు దాన్ని వదిలి ఇంకో చెక్కకు పోతారు. పాతది మళ్లీ అడవిగా మారుతుంది. మనుషులు తక్కువ, కొండలు ఎక్కువ అయినంతకాలం ఈ లెక్క సరిపోతుంది. సెంట్రల్ ప్రావిన్సుల కాలంలో దీనికి పెద్దగా అడ్డు లేదు. మద్రాసు ప్రభుత్వం వచ్చాక పోడు పన్ను సుమారు మూడింతలైంది, కొన్ని చోట్ల పోడునే నిషేధించారు.

1879 మార్చిలో రంపలో తిరుగుబాటు మొదలైంది. అక్కడ కల్లు మీద వేసిన పన్ను, మున్సబుదారు వసూళ్లు కారణాలు. కొన్ని నెలల్లో అది రేకపల్లికి పాకింది. పక్క ప్రాంతపు మంటకు ఇక్కడ కట్టెలు ముందే సిద్ధంగా ఉన్నాయి, వాటిని పేర్చింది ఐదేళ్ల కిందటి గీత. సైన్యాన్ని దించి అణచివేయడానికి ప్రభుత్వానికి చాలా నెలలు పట్టింది. ఆ అణచివేత తర్వాత 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అప్పటి నుంచి "రిజర్వు" అనే మాట మన ప్రాంతపు తెలుగులోకి వచ్చి, ఇక్కడే స్థిరపడింది. రిజర్వు గీతకు అవతల కట్టె కొడితే నేరం, ఇవతల కొడితే హక్కు. ఆ గీత ఎక్కడుందో రాళ్లు పాతినవారికి తెలుసు, అడవిలో పుట్టినవారికి జరిమానా పడ్డాక తెలిసేది. 1922లో అల్లూరి సీతారామరాజు మన్యంలో తిరుగుబాటు లేవదీసినప్పుడు కూడా అటవీ ఆంక్షలే జనాన్ని కదిలించిన ప్రధాన కారణాల్లో ఒకటి.

బొగ్గు వెతికినవారికి దొరికిన పిట్ట

ఈ కాలంలోనే ఇంకో రకం మనుషులు మన అడవిలో తిరిగారు. వాళ్లు జియలాజికల్ సర్వే వారు. 1871 ప్రాంతంలో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు దగ్గర బొగ్గు పొరను గుర్తించాడు. సింగరేణి కథ అక్కడి నుంచి మొదలైంది. మన బ్యాచీల్లో ఎన్ని కుటుంబాలు ఆ బొగ్గు మీద బతికాయో లెక్కపెడితే ఈ సంచిక చాలదు.

అదే సర్వేలో పనిచేసిన డబ్ల్యూ.టి. బ్లాన్‌ఫర్డ్ గోదావరి లోయలో రాళ్లతోపాటు పక్షుల్నీ జంతువుల్నీ కూడా పరిశీలించేవాడు. 1860ల చివర్లో సిరొంచ దగ్గర, భద్రాచలం దగ్గర ఆయనకు ఒక అరుదైన పిట్ట కనిపించింది. పొడవు కాళ్లతో నేల మీద పరుగెత్తే, రాత్రిపూట మేసే పిట్ట. 1848లో జెర్డన్ అనే వైద్యుడు దాన్ని మొదట లోకానికి తెలియజేశాడు కాబట్టి ఇంగ్లిషులో ఆయన పేరే పెట్టారు. కడప వైపు జనం దాన్ని కలివికోడి అంటారు.

1900 తర్వాత అది ఎవరికీ కనిపించలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు కడప జిల్లా లంకమల కొండల దగ్గర స్థానికుల సాయంతో దాన్ని మళ్లీ కనుగొన్నారు. శాస్త్రవేత్తలకు ఎనభై ఆరేళ్లపాటు లేని పక్షి, ఆ ఊరివాళ్లకు తెలుస్తూనే ఉంది. దాని కోసం లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది, తర్వాత తెలుగుగంగ కాలువ దారిని కొంతమేర మార్చారు. ఒక పిట్ట కోసం కాలువను వంచడం మా వృత్తిలో అరుదు. భద్రాచలం చుట్టుపక్కల మాత్రం బ్లాన్‌ఫర్డ్ చూసిన ఆ పొదల నేలలు చాలావరకు పొలాలూ ఊళ్లూ అయ్యాయి. రామాలయానికి ప్రసిద్ధమైన మన ఊరు ప్రపంచ పక్షిశాస్త్ర గ్రంథాల్లో కలివికోడి వల్ల కూడా నిలిచిందని మన పిల్లలకు చెప్పండి. ఏ గైడు పుస్తకంలోనూ ఇది ఉండదు.

అడవిదున్నల కొండలు

పాపికొండలకు ఇంగ్లిషులో ఒక పాత పేరు ఉంది, "బైసన్ హిల్స్". అడవిదున్నల కొండలన్న మాట. వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ 1945లో వెలువరించిన కొండరెడ్ల పుస్తకం పేరులో ఈ మాట ఉంది. రెండో ప్రపంచయుద్ధం వచ్చేసరికి ఆయన మన దేశంలో ఉన్నాడు. జర్మన్ పాస్‌పోర్టు ఉన్నందువల్ల శత్రుదేశస్థుడిగా లెక్క. హైదరాబాదు రాజ్యంలో పనిచేసుకోవడానికి అనుమతి దొరికింది. మొదట నల్లమల చెంచుల దగ్గర, తర్వాత మన గోదావరి కుడి ఒడ్డున కోయిద, కాకిసనూరు, పేరంటాలపల్లి వంటి ఊళ్లలో తిరిగి కొండరెడ్ల జీవితాన్ని రాసుకున్నాడు.

ఆయన రాసినదాంట్లో ఆచారాలూ పండుగలూ ఎంత ఉన్నాయో, వెదురు వ్యాపారం అంత ఉంది. కాంట్రాక్టర్లు కొండరెడ్ల చేత వెదురు కొట్టించి, తెప్పలు కట్టించి, నది మీద రాజమండ్రి వైపు పంపేవారు. కూలీ అప్పు ఖాతాలోకి పోయేది, అప్పు తీరేది కాదు. పోడు కొట్టుకునే స్వేచ్ఛ రిజర్వు గీత వల్ల పోయింది. పోడు పోయాక మిగిలింది కాంట్రాక్టరు పని. ఆ పని అప్పులో కట్టేసింది. ఒక గీత ఇంకో ముడికి ఎలా దారి తీస్తుందో ఆయన వివరంగా చూపించాడు. ఆయన నివేదికలు చూసిన నిజాం ప్రభుత్వం తర్వాత ఆయన్నే గిరిజన వ్యవహారాల సలహాదారుగా పెట్టుకుంది.

1979లో మన సారపాకలో కాగితపు మిల్లు ఉత్పత్తి మొదలుపెట్టాక వెదురుకు ఇంకో గిరాకీ వచ్చింది. తర్వాత్తర్వాత రైతుల పొలాల్లో పెంచే సుబాబుల్, జామాయిల్ కర్ర వైపు మిల్లు మళ్లడంతో అడవి మీద ఆ ఒత్తిడి తగ్గింది. ఇది మన కళ్ల ముందే జరిగిన మార్పు. పాపికొండల్లో అడవిదున్నలు ఈనాటికీ మిగిలి ఉండటానికి వెదురు, గడ్డి మిగిలి ఉండటం ఒక ముఖ్య కారణం. టన్ను దాకా తూగే ఆ జంతువుకు రోజూ కావలసిన మేత మామూలు కాదు.

కిన్నెరసాని

కిన్నెరసాని పేరు వినగానే చదువుకున్న తెలుగువారికి విశ్వనాథ సత్యనారాయణ గారి "కిన్నెరసాని పాటలు" గుర్తుకొస్తాయి. అలిగి వాగై పారిపోయిన కోడలి కథ అది. అలా పారిపోయిన కిన్నెరసానిని చివరకు పట్టి నిలిపింది మా ఇంజనీర్లే. 1960ల్లో పాల్వంచ దగ్గర వాగు మీద డ్యామ్ కట్టారు. కొత్తగూడెం థర్మల్ స్టేషనుకు నీళ్లివ్వడం దాని మొదటి పని. జలాశయం పూర్తి మట్టం 407 అడుగులు. ఎండాకాలంలో ఆ అడవి జంతువులన్నింటికీ అదే చెరువు. ఒడ్డు మట్టిలో మొసళ్లు గుడ్లు పెడతాయి, చుక్కల దుప్పులు సాయంత్రం నీళ్లకు దిగుతాయి.

1977లో దాని చుట్టూ 635 చదరపు కిలోమీటర్ల అడవిని అభయారణ్యంగా ప్రకటించారు. కరెంటు కోసం కట్టిన డ్యామే అడవి జంతువులకు ఆధారమైంది. ఇందులో ఇంకో మలుపు ఉంది. ఏ పాత యూనిట్ల కోసం ఆ డ్యామ్ కట్టారో అవి మూతపడ్డాయి. 2024 ఆగస్టులో వాటి ఎనిమిది కూలింగ్ టవర్లను పేలుడు పదార్థాలతో కూల్చేశారు. దూరం నుంచి వచ్చేటప్పుడు మన ఊరొచ్చిందని చెప్పే గుర్తులవి. ఫోన్‌లో ఆ వీడియో చూసి మన వాట్సాప్ గ్రూపుల్లో ఎంతమంది బాధపడ్డారో మీకు తెలుసు. టవర్లు పోయినా, జలాశయమూ మొసళ్లూ మాత్రం ఉన్నాయి.

అభయారణ్యం నుంచి జాతీయ ఉద్యానవనం దాకా

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. దాని కిందే ఈ రెండు అభయారణ్యాలూ ఏర్పడ్డాయి. 2008లో పాపికొండల అభయారణ్యం జాతీయ ఉద్యానవనంగా మారింది. విస్తీర్ణం 1012 చదరపు కిలోమీటర్లు. అప్పట్లో అది ఖమ్మం, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి జిల్లాల మీదుగా ఉండేది.

అభయారణ్యానికీ జాతీయ ఉద్యానవనానికీ తేడా చాలామందికి తెలియదు. అభయారణ్యంలో అనుమతులకు లోబడి పశువుల మేత వంటి కొన్ని పనులు సాగవచ్చు. జాతీయ ఉద్యానవనంలో మేత కూడా కుదరదు, చట్టం ఇంకా గట్టిది. అదే 2008 ఆరంభంలో అటవీ హక్కుల చట్టం నిబంధనలు అమల్లోకి వచ్చాయి. తరతరాలుగా అడవిలో ఉన్నవారి హక్కులను జాతీయ ఉద్యానవనాల్లో సైతం గుర్తించాలని ఆ చట్టం చెబుతుంది. అంటే ఒకే ఏడాది ఒకే అడవిలో ఒక చట్టం తలుపు మూసింది, ఇంకోటి తెరిచింది. రెండింటి మధ్య నిలబడ్డది బీట్ ఆఫీసరూ, పోడు రైతూ. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో పోడు వివాదంలో ఒక రేంజి అధికారి ప్రాణం పోయింది. ఆ రోజు మన జిల్లా మొత్తం తలదించుకుంది. అడవిని కాపాడే ఉద్యోగి, అడవి తప్ప వేరే దిక్కులేని మనిషి ఒకరికొకరు ఎదురుబొదురుగా నిలబడాల్సి రావడమే ఈ గీతల చరిత్రలో అన్నిటికన్నా విషాదం.

ఇక ఆ ఉద్యానవనంలో ఏమున్నాయి? అడవిదున్న, కణుజు, చుక్కల దుప్పి, కొండగొర్రె, అడవిపంది, ఎలుగుబంటి, చిరుత, గుంపుగా వేటాడే రేచుకుక్కలు. కుందేలు కన్నా కాస్త పెద్దగా ఉండే మూషిక జింక. చెట్టు దిగకుండా కొమ్మల మీదే బతికే పెద్ద అడవి ఉడుత. కొండ గోరింక. పెద్ద ముక్కు ధనేశ పక్షి. ఈ ధనేశం పండ్లు మింగి గింజల్ని దూరదూరంగా వదులుతుంది. అది ఎగిరినంత మేర అడవి దానంతటదే మొలుస్తుంది. తిరుమల కొండల వల్ల పేరొందిన బంగారు బల్లి పాపికొండల రాతి సందుల్లోనూ ఉంది. పులి ఇక్కడ అరుదు. ఏటూరునాగారం, కిన్నెరసాని, పాపికొండలు ఒకే గొలుసులోని లంకెలు. గోదావరికి అవతల ఛత్తీస్‌గఢ్ అడవులు దానికి తగిలి ఉన్నాయి. పులి నిలవాలంటే ఈ లంకెలు తెగకూడదు. దానికి జిల్లా పేరుతో, రాష్ట్రం పేరుతో పని లేదు.

నీరు గీసే గీత

2014లో రాష్ట్రం రెండైనప్పుడు పోలవరం ముంపు కోసం ఖమ్మం జిల్లాలోని కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, కుకునూరు, వేలేరుపాడు మండలాలను పూర్తిగా, భద్రాచలం, బూర్గంపహాడ్ మండలాలను కొంతమేర ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణం తెలంగాణలో, దాని పక్క వీధిలాంటి ఎటపాక ఆంధ్రాలో పడ్డాయి. పాపికొండల ఉద్యానవనం మొత్తం అటు పోయింది, కిన్నెరసాని ఇటు మిగిలింది. 2016లో ఇటువైపు భద్రాద్రి కొత్తగూడెం కొత్త జిల్లా అయింది.

పోలవరం ఆలోచన కొత్తదేమీ కాదు. రామపాదసాగరం పేరుతో 1940ల నుంచే ఉంది. పూర్తి నీటిమట్టం 150 అడుగులు, అంటే 45.72 మీటర్లు. నిల్వ 194 టీఎంసీల పైన. కింది జిల్లాల సాగుకూ తాగునీటికీ దాని అవసరాన్ని ఒక ఇంజనీరుగా నేను తక్కువ చేసి చెప్పను. కానీ 45.72 మీటర్లంటే పటం మీద ఒక కాంటూరు రేఖ. ఇప్పటిదాకా గీసిన గీతల్ని చెరిపి మళ్లీ గీయగలిగాం. 1959లో ఇటు తెచ్చాం, 2014లో అటు పంపాం. నీరు గీసే గీతను అలా వెనక్కి తీసుకోలేం.

ఆ గీత కింద పడేది నదికి దగ్గరగా ఉన్న లోయ అడుగు భాగం. అదే మంచి మట్టి, అదే గడ్డి, అదే వేసవిలో జంతువులు నీళ్లకు దిగే ఒడ్డు. ఊళ్లు, పోడు చెక్కలు, జీలుగు చెట్లు, చింతతోపులు, దేవతల గద్దెలు ఉన్నదీ అక్కడే. దేవీపట్నం వైపు ఊళ్లు ఇప్పటికే లేచి కాలనీలకు వెళ్లాయి. పై మండలాల వంతు నడుస్తోంది. కాలనీలో పక్కా ఇల్లు, రోడ్డు, బడి ఉంటాయి, వాటి విలువ పెద్దదే. కానీ కొండరెడ్డి కుటుంబానికి అడవి అంటే ఇల్లు ఒక్కటే కాదు, ఏడాది పొడవునా చేసే పని. చింతపండు, కరక్కాయ, ఇప్పపువ్వు, తేనె, తపసి జిగురు, అడ్డాకు ఏ నెలలో దేని వంతో వాళ్లకు తెలుసు. కొత్త మామిడికాయను పండుగ చేసి దేవతకు పెట్టేదాకా ఎవరూ ముట్టరు. కాయలో టెంక ముదిరేదాకా ఆగడం వల్ల చెట్టుకు మంచిదని మనం సైన్సు పాఠంలో చెప్పుకోవచ్చు. వాళ్లకు అది కట్టుబాటు. అడవికి దూరమైన కాలనీలో ఆ కట్టుబాటు ఎన్నేళ్లు నిలుస్తుంది?

మన సంఘం చేయగలిగింది

నూట అరవై ఏళ్లలో ఈ అడవిని చాలామంది కొలిచారు. కాటన్ మనుషులు రాతి గుట్టలు కొలిచారు, కింగ్ బొగ్గు పొర కొలిచాడు, అటవీ శాఖ రిజర్వు కొలిచింది, మా శాఖ నీటిమట్టం కొలిచింది. ఆ కొలతలన్నీ ఫైళ్లలో భద్రంగా ఉన్నాయి. వాగుల పేర్లు, గుట్టల పేర్లు, చెట్ల పేర్లు, ఏ వాగు ఎప్పుడు ఎండుతుంది, ఏ గుట్ట మీద దున్నలు ఎప్పుడు దిగుతాయి అన్న తెలివి మాత్రం ఏ ఫైల్లోనూ లేదు. అది మనుషుల నోట ఉంది. ఆ మనుషుల్లో కొందరు మన బెంచీల మీద మన పక్కన కూర్చుని చదువుకున్నారు. హాస్టల్ నుంచి వచ్చే ఆ మిత్రులకు ఆకు చూసి చెట్టు పేరు చెప్పడం వచ్చేది. పరీక్షలో దానికి మార్కులు లేవు కాబట్టి మనం పట్టించుకోలేదు.

స్వర్ణోత్సవ నిధిలో కొంత భాగాన్ని ఈ పనికి కేటాయించాలని నా ప్రతిపాదన. ముంపు మండలాల నుంచి వచ్చి మన బడిలో చదివిన పూర్వ విద్యార్థుల జాబితా పాత అడ్మిషన్ రిజిస్టర్ల నుంచి తయారు చేద్దాం. వాళ్ల ఇళ్లకు, కొత్త కాలనీలకు మనమే వెళ్దాం. పెద్దవాళ్ల మాటల్ని వాళ్ల అనుమతితో, కోయ, తెలుగు ఏది వస్తే ఆ భాషలో రికార్డు చేద్దాం. ఊరి పేరు, వాగు పేరు, గుట్ట పేరు, అక్కడి చెట్టు, జంతువు, పండుగ. పటం గీయడానికి నా లాంటి ఇంజనీర్లు ఉన్నారు, మొక్కల శాస్త్రీయ నామాలు సరిచూడటానికి వృక్షశాస్త్రం చెప్పిన మన మాస్టార్లు ఉన్నారు. రెండు మూడేళ్ల పని. ఒక ప్రతి మన బడి గ్రంథాలయంలో, ఒక ప్రతి ఆ ఊళ్ల వాళ్ల చేతిలో ఉండాలి.

పనికి వచ్చేవారు స్వర్ణోత్సవ సభ రోజున పేరు రాయించండి. మొదటి ప్రయాణం ఈ ఎండాకాలంలోనే, వాగులు దాటడానికి వీలున్నప్పుడే పెట్టుకుంటే మంచిది. వర్షాలు మొదలైతే కూనవరం దాటి లోపలికి వెళ్లడం కష్టమని మీకందరికీ తెలుసు.